పరాయివాళ్ళ ముందు ఆగని బాయిలర్

సౌదీలో ఇల్లు వెచ్చబెట్టే మిషను చూసుకోవడం నా పని అని చెబితే మా ఊళ్ళో ఒక్కరూ నమ్మలేదు. ఎడారిలో ఇంటికి వేడి పెట్టుకునే మొనగాడెవడురా అని నవ్వారు. మా మేనమామ అయితే ఎండకు నా బుర్ర కరిగిందనే ఖాయం చేసుకున్నాడు. నేనుండే అభా ఊరు కొండల మీద ఉందని, చలికాలం పొగమంచు పిలవని చుట్టంలా వచ్చి మధ్యాహ్నం దాకా కదలదని, నేను రెండు స్వెటర్లు తొడుక్కుని తిరుగుతానని ఫోన్లో ఫొటోలు పంపాను. అది సిమ్లా అన్నారు. నాకు మొదటి నుంచీ ముక్కు మీద కోపం. వాదించీ వాదించీ విసుగొచ్చి, సరే, సిమ్లాలోనే ఉన్నా, ఏం చేస్తారు అన్నాను.

నిజానికి బాయిలర్ గురించి నాకు తెలిసింది సున్న. గల్ఫ్‌కు కొత్తగా వచ్చినవాడికి పాతవాళ్ళు నేర్పే మొదటి మాట ‘మాలూమ్’. ఏమడిగినా తెలుసనే చెప్పాలి. తెలియనిది తర్వాత నేర్చుకోవచ్చు, చేయి జారిన పని మళ్ళీ రాదు. మా కఫీల్, అంటే నా వీసాకు పూచీపడ్డ యజమాని, ఒకప్పుడు బడిలో లెక్కల పంతులు. రిటైరయ్యాక చిన్న మెయింటెనెన్స్ కంపెనీ పెట్టుకున్నాడు. అందరం ఆయన్ని ఉస్తాద్ అని పిలుస్తాం. ఆయన మనుషులు చాలామంది దూరాన సముద్రం ఒడ్డునున్న రాబిగ్‌లో సైటు మీద ఉంటారు. మూడేళ్ళ కింద నన్ను పిలిచి, కరెంటు పని తెలుసా అంటే మాలూమ్ అన్నాను. నల్లాల పని అంటే మాలూమ్. డీజిల్ బాయిలర్ అంటే, ఆ పేరు వినడం అదే మొదటిసారి, మాలూమ్ అన్నాను. అలా అభాలో ఆయన ఇంటి కాపలా, మరమ్మతులు, బాయిలర్ నా పాలబడ్డాయి.

మూడేళ్ళు ఆ బాయిలర్ నా అబద్ధాన్ని కాపాడింది. ఒక్కనాడు సతాయించలేదు. ఇంటి వెనక నాకో గది, దాని పక్కనే బాయిలర్ గది, మధ్యలో ఓ తలుపు. బయట తొట్టిలో డీజిల్, లోపల యంత్రం. పైన ఉస్తాద్ కుటుంబానికి వెచ్చదనమూ వేడినీళ్ళూ, ఆ గొట్టంలోంచే ఓ పాయ నా గదికీ. నేను వారానికోసారి తుడిచేవాణ్ణి. తుడవడమే సర్వీసింగ్ అని నా నమ్మకం.

అలాంటి రోజుల్లో నా భార్య వచ్చింది. మూడు నెలల విజిట్ వీసా. ఉస్తాద్ కాగితాల దగ్గర సాయం చేశాడు, మా కొడుకు హాస్టల్లో ఉన్నాడు కనక ఆమెకూ వీలైంది. మా పెళ్ళయి పద్నాలుగేళ్ళు, అప్పటి నుంచీ నేను గల్ఫ్‌లోనే. రెండేళ్ళకోసారి రెండు నెలల సెలవు. ఆ లెక్కన మేమిద్దరం ఒక కప్పు కింద ఉన్నది అంతా కలిపితే ఏడాదిన్నర దాటదు. మా పక్కింటి కుక్క ఆమెను నాకన్నా ఎక్కువ చూసింది. ఇప్పుడు నా గదిలో ఆమె గాజుల చప్పుడు వినబడుతుంటే, పనిలో ఉండగా కూడా ఏదో వంక పెట్టుకుని వచ్చి చూసిపోయేవాణ్ణి. ఉన్నదా, కల కన్నానా అని.

ఉన్నది. ఉండటమే కాదు, మూడో రోజు నుంచే కొట్లాట మొదలుపెట్టింది.

“గీ పొగమంచేంది? మూడు రోజులాయె, ఒక్క బట్ట ఆరలే. సౌదీ అంటే ఎండలనుకుంటి. గిది మొత్తం బాత్రూం లెక్కనే ఉన్నది.”

“కొండ మీద ఉన్నం కదనే.”

“కొండ మీద ఇల్లెందుకు కట్టిండ్రు మరి?”

పన్నెండేళ్ళ వయసు నుంచి బీడీలు చుట్టిన చేతులు ఆమెవి. ఊరికే కూర్చుంటే వేళ్ళు తమంతట తామే కదులుతుంటాయి. ఇక్కడ ఆకు లేదు, తంబాకు లేదు, చాటలో వేసుకుని కూర్చునే పనే లేదు. ఒకరోజు నేను వచ్చేసరికి రొట్టె పొట్లం కాగితాన్ని చిన్న చిన్న ముక్కలుగా కత్తిరించి చుడుతోంది. నాకు నవ్వొచ్చింది, సగంలోనే ఆపుకున్నాను.

ఆ మర్నాడే ఆమె బాయిలర్ గది కనిపెట్టింది. బట్టలు ఆరేయడానికి వెళ్ళి, కళ్ళు పెద్దవి చేసుకుని తిరిగొచ్చింది.

“ఇగో, గా అర్రల ఎంత వేడి ఉన్నదో సూసినవా? ఉత్తగనే పోతాంది! మనూర్ల గింత వేడి ఉత్తగ పోనిస్తరా ఎవలన్న? వొడియాలు పెడుత.”

నేను వద్దన్నాను. అది మిషను గది, అక్కడ సామాను పెట్టకూడదు, ఉస్తాద్ చూస్తే ఊరుకోడు అన్నాను. ఆమె అంతా శ్రద్ధగా విని, సగ్గుబియ్యం తెమ్మంది. తెచ్చాను. రెండు వారాల్లో బాయిలర్ గదిలో మడతమంచం వేసి, దాని మీద ప్లాస్టిక్ కాగితం పరిచి, సగ్గుబియ్యం వడియాలు, బియ్యప్పిండి వడియాలు, సల్ల మిరపకాయలు ఆరబెట్టింది. ఆ ఎర్రటి మంట శబ్దం పక్కన ఆమె పీట వేసుకుని కూర్చుని వరసగా వడియాలు పెడుతుంటే ఇల్లంటే ఇదే కదా అనిపించింది. వద్దన్నవాణ్ణే ఓ ముద్ద పిండి అడిగి తినేవాణ్ణి.

బాయిలర్ ఆగిపోవడం కూడా సరిగ్గా అప్పుడే మొదలైంది.

ఆ యంత్రం ఎలా ఆగుతుందో చెప్పాలి. దానికో కన్ను ఉంటుంది. లోపల మంట సరిగా వెలుగుతోందా లేదా అని అది చూస్తూ కూర్చుంటుంది. మంట మసకబారితే డీజిల్ ఆపేసి, యంత్రాన్ని నిద్రపుచ్చి, పైన ఎర్ర బొత్తాం వెలిగిస్తుంది. మనిషి వచ్చి ఆ బొత్తాం నొక్కితే తప్ప లేవదు. మొదటి రోజు ఒకసారి ఆగింది. మర్నాడు మూడుసార్లు. ఆ తర్వాత అది పనిచేసేదే తక్కువ. నేను ఎర్ర బొత్తాం నొక్కడం, అది భుగ్గున లేవడం, అరగంటకు దగ్గి పడుకోవడం. తెల్లవారుజామున నమాజుకు ముందు చేతులు, కాళ్ళు కడుక్కుందామని నల్లా తిప్పిన ఉస్తాద్ చల్లనీళ్ళు తగిలి పెట్టిన కేక నా గదిలోకి స్పష్టంగా వినబడింది. నా భార్య ఎవరో పడ్డారనుకుని లేచి కూర్చుంది.

ఉస్తాద్ కిందికి దిగొచ్చాడు. భుజాన శాలువా, చేతిలో నోటుబుక్కు. ఆయన పంతులు బుద్ధి పోలేదు. ఏ సమస్యనైనా ముందు రాసుకుంటే సగం తేలిపోతుందని ఆయన సిద్ధాంతం. అది నా చేతికిచ్చి, యంత్రం ఆగినప్పుడల్లా టైము రాయి, ఒక గీత గియ్యి అన్నాడు. హాజిర్, చిత్తం అన్నాను.

ఇక నా విద్యంతా బయటికి తీశాను. ఫిల్టరు విప్పి కడిగాను. డీజిల్ చిమ్మే ముక్కు మార్చాను. కన్ను బయటికి తీసి చూస్తే మసి. నా రుమాలుతో తుడిచి, మరోసారి ఆవిరి ఊది తుడిచి, పెట్టాను. పని చేసినంతసేపూ వెలుతురు కోసం బయటి తలుపు బార్లా తీసి పెట్టుకునేవాణ్ణి. అప్పుడు యంత్రం చక్కగా, రాగం తీస్తూ నడిచేది. నేను మీసం తిప్పుకుని, తలుపేసి, పైకి వెళ్ళి ‘ఖలాస్ ఉస్తాద్, మాఫీ ముష్కిల’, అయిపోయింది, ఇక ఏ ఇబ్బందీ లేదు అని చెప్పేవాణ్ణి. మెట్లు దిగి వచ్చేలోపు కాకపోయినా అన్నం తినేలోపు ఆగేది. అన్నంలో చేయి పెట్టి ఎర్ర బొత్తాం వంక చూడటం నాకు అలవాటైపోయింది.

ఉస్తాద్ పక్క ఊరు ఖమీస్ ముషైత్ నుంచి టెక్నీషియన్‌ను పిలిపించాడు. పాకిస్తానీ, గడ్డం నెరిసిన పెద్దమనిషి, చేతిలో చిన్న పెట్టె. ఆయన వస్తున్నాడని ఫోన్ రాగానే నేను భార్యను తొందరపెట్టాను.

“ఏయ్, మిస్త్రీ అస్తాండు. అంత తీసెయ్, జల్ది.”

నేను చెప్పకముందే ఆమె తీసేస్తోంది. వడియాలన్నీ మూటగట్టి మా మంచం కిందికి తోసింది. గది ఊడ్చింది. ఇంకా ఏదో చంకలో పెట్టుకుని పోయింది. మిస్త్రీ వచ్చేసరికి ఆ గదిలో యంత్రం తప్ప ఈగ లేదు. ఆయన రెండు గంటలు కూర్చున్నాడు. యంత్రం ఒక్కసారి కూడా, కనీసం మర్యాదకైనా, ఆగలేదు. కన్ను తీసి చూసి, “థోడా కాలా హై”, కాస్త నల్లబడింది అన్నాడు. డీజిల్ శుభ్రంగా లేకపోయినా మసి పడుతుందని చెప్పి వెళ్ళిపోయాడు. ఆయన బండి మలుపు తిరగ్గానే మా ఆవిడ వడియాలు మళ్ళీ ఎండబెట్టింది. గంటలో ఆగింది.

నాలుగు రోజులకు ఆయన్ని మళ్ళీ పిలిచారు. మళ్ళీ మేం గది ఖాళీ చేశాం. మళ్ళీ అది నడిచింది. ఈసారి ఉస్తాద్ కూడా వచ్చి, కుర్చీ వేయించుకుని, మూడు గంటలు దాని ముందు కూర్చున్నాడు. ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజు చేతులు కట్టుకుని కూర్చునే కొంటె పిల్లవాడిలాగా ఉందిరా ఇది అన్నాడు. మిస్త్రీ నా వంక జాలిగా చూశాడు. ఆ చూపు నేను జన్మలో మరచిపోను. వాళ్ళు వెళ్ళాక ఆ యంత్రాన్ని మా ఊరి తిట్లలో మొదటి అక్షరం నుంచి చివరిదాకా తిట్టాను. అరగంట మర్యాదగా విని, ఆగింది.

ఆ సాయంత్రం ఉస్తాద్ నన్ను పైకి పిలిచాడు. గొంతు పెంచలేదు. ఆయన గొంతు పెంచకపోతేనే భయం. వచ్చే గురువారం ఇంటికి బంధువులు వస్తున్నారు, చిన్నపిల్లలున్నారు, ఆ లోపు ఇది నడవకపోతే రాబిగ్ నుంచి బాయిలర్ తెలిసినవాణ్ణి ఇక్కడికి తెచ్చుకుంటాను, అతని మంచం మీదికి నువ్వు పో అన్నాడు.

రాబిగ్ అంటే నాకు పని భయం కాదు. అక్కడ గదికి ఆరుగురు మగవాళ్ళు, మూడు రెండంతస్తుల మంచాలు. నా భార్యకు వీసా ఇంకా నలభై రోజులపైన ఉంది. నేను రాబిగ్ బస్సెక్కితే, ఆమె విమానం ఎక్కాల్సిందే. పద్నాలుగేళ్ళు ఎదురుచూస్తే దొరికిన మూడు నెలల్లో సగం, ఒక ఎర్ర బొత్తాం మింగేయబోతోంది. ఆ మాట ఆమెకు చెప్పడానికి నోరు రాలేదు. ఏమన్నడు అని అడిగితే, ఏమనలే, చాయ్ తాగమన్నడు అన్నాను.

భయపడ్డవాడికి బుద్ధి ఎటు పోతుందో నాకు ఆ రోజే తెలిసింది. మర్నాడు ఉస్తాద్ కంటబడగానే, డీజిల్ ఖరాబ్ అన్నాను. మిస్త్రీ కూడా అన్నాడు కదా అన్నాను. డీజిల్ తెచ్చేది ఉస్తాద్ డ్రైవరు. ఆడలేక మద్దెల ఓడంటారే, సరిగ్గా అదే చేశాను. పైగా ఆ మద్దెలకు భార్యాపిల్లలున్నారని తెలిసీ చేశాను.

డ్రైవరు కడప వైపు సాయిబు. పదిహేనేళ్ళుగా ఉస్తాద్ దగ్గరే ఉన్నాడు. మా ఇద్దరి తెలుగూ వేరు వేరు, అయినా అభా మొత్తంలో నాతో తెలుగులో పోట్లాడగలిగిన మనిషి అతనొక్కడే. ఉస్తాద్ అతని దగ్గర బండి తాళాలు తీసేసుకున్నాడని, గురువారం దాటాక చూద్దామన్నాడని నేను విన్న గంటకే, అతనే ఓ సీసా పట్టుకుని నా గుమ్మంలో నిలబడ్డాడు.

“ఏమన్నా, డీజిల్లో నేను నీళ్ళు కలిపినానంట? ఎవురు జెప్పినారు నీకు?”

“నేనట్ల అనలే భాయ్. ఖరాబ్ ఉన్నదేమో అన్న, గంతే.”

“ఏమో అన్న్యావా! నీ ఏమో నా కొంప ముంచింది. ఇదో, సీసాలో పట్టినా. పొద్దున్నుంచి కదపకుండా పెట్టినా. నీళ్ళుంటే అడుగున నిలబడల్ల గదా? యాడుండాయి? సూపీ!”

సీసా పట్టి చూశాను. డీజిల్ కన్నీళ్ళలా తేటగా ఉంది.

“రేప్పొద్దున నేను, నువ్వు, ఆ మిషను ముందర కూర్చుందాం. అది ఆగేదాంకా నేను లేచేది ల్యా. ఎందుకాగుతాదో ఈ కండ్లతో సూడల్ల” అని తీర్మానం చేసి పోయాడు.

మర్నాడు పొద్దున్నే వచ్చాడు. సాయిబు వస్తున్నాడని మా ఆవిడ ముందే గది ఖాళీ చేసింది. ఇద్దరం రెండు డబ్బాల మీద కూర్చుని మంట శబ్దం వింటూ ఉండిపోయాం. ఆమె తలుపు సందులోంచి రెండు గ్లాసుల చాయ్ అందించింది. మొదటి గంట మేం మాట్లాడుకోలేదు. రెండో గంటలో అతను తన కూతురు పదో తరగతిలో ఫస్టు వచ్చిందని చెప్పాడు. మూడో గంటలో నేను మా మేనమామ, సిమ్లా ఫొటో కథ చెప్పాను. నవ్వాడు. తర్వాత నవ్వినందుకు తన మీద తనకే కోపమొచ్చినట్టుంది, మళ్ళీ మొహం బిగించుకున్నాడు. యంత్రం ఆగలేదు. ఆగవే తల్లీ, ఒక్కసారి ఆగు అని నేను లోపల మొక్కుకుంటున్నాను. నెల రోజులు ఆగొద్దని మొక్కినవాణ్ణి ఆ పూట ఆగమని మొక్కాను. అదీ దానికి పట్టలేదు.

మసీదు నుంచి దుహర్, అంటే మధ్యాహ్నం నమాజు బాంకు వినబడింది. అతను లేచాడు.

“ఇది మిషను గాదన్నా, నీ సుట్టం. నేనుంటే నిన్ను కాపాడతా ఉండాది” అని చెప్పులేసుకుని పోయాడు.

నేను డబ్బా మీద నుంచి లేవలేదు. లేచే ఓపిక లేదు. మా ఆవిడ లోపలికొచ్చింది. మడతమంచం వేసింది, ప్లాస్టిక్ కాగితం పరిచింది, వడియాలు తెచ్చి పోసింది. తర్వాత చంకలోంచి తన పాత నూలు చీర తీసింది. నీలం చీర, కొంగు చిరిగింది. నాలుగు మడతలు పెట్టి, వంగుని, గోడకు కింద మోకాలెత్తున ఉన్న జాలీకి అడ్డంగా పరిచింది. అంచులు వేళ్ళతో సందుల్లోకి నొక్కింది. బీడీ మూతి నొక్కే నేర్పుతో, ఎక్కడా చీమ దూరే సందు లేకుండా నొక్కింది.

“గదేం జేస్తున్నవ్?” అన్నాను.

“పొగమంచంత గీడికెళ్ళి అస్తాంది. దుమ్ము గూడ. వొడియాలు మెత్తవడుతున్నయ్. రోజు పెడుతనే ఉన్న గదా.”

“మరి ఎవలన్న అచ్చినప్పుడు?”

“తీసేస్త. పరాయి మొగోళ్ళ ముంగట చినిగిన చీర ఎట్ల ఉంచుత? ఇజ్జత్ వోదా?”

డబ్బా మీద అలాగే కూర్చుని యంత్రాన్ని చూస్తున్నాను. పావుగంట బాగానే నడిచింది. తర్వాత శబ్దం బరువెక్కింది. ఆస్తమా మనిషి మెట్లెక్కుతున్నట్టు దగ్గింది. ఆగింది. ఎర్ర బొత్తాం వెలిగింది.

లేచి చీర లాగేశాను. బొత్తాం నొక్కాను. సాయంత్రం దాకా ఆగలేదు.

ఇందులో విచిత్రమేమిటంటే, ఆ చీరను నేను రోజూ చూశాను. రోజుకు పదిసార్లు ఆ గదిలోకి పోయి, దాని మీదుగా వంగి, ఫిల్టరు విప్పి, ముక్కు మార్చి, కన్ను తుడిచాను. నా కళ్ళబడలేదని అబద్ధమాడను. కళ్ళబడింది. ఆ గదిలో, నా భార్య చీర ఒకటి గోడకు ఉందని చూసినప్పుడల్లా సంతోషం వేసేది. సంతోషపెట్టే వస్తువు మీద ఎవరికైనా అనుమానం వస్తుందా? యంత్రం కన్ను తుడవడం నేర్చాను గాని నా కన్ను తుడుచుకోలేదు. పైగా నా గది కిటికీ సందుల్లో చలి రాకుండా టేపు అంటించింది నేనే. జాలీ నుంచి గాని, మధ్య తలుపు సందు నుంచి గాని, ఎటు నుంచీ ఆ మంటకు గాలి లేదు.

ఆ పూట నాకు రెండు దారులు కనబడ్డాయి. ఒకటి సులువు. చీర దాచెయ్యాలి, నోరు మూసుకోవాలి. బాయిలర్ నడుస్తుంది, నేనే బాగుచేశానని ఉస్తాద్ మెచ్చుకుంటాడు, నా భార్య నాతోనే ఉంటుంది. డ్రైవరు సంగతి వాడి దేవుడు చూసుకుంటాడు. నిజం చెబుతున్నా, ఆ దారిలో నేను సాయంత్రం చాయ్ వేళ దాకా హాయిగా నడిచాను. చాయ్ ఇస్తూ ఆమె నా మొహం చూసింది.

“ఏమైంది? మిషను మంచిగనే నడుస్తాంది గదా. గట్లెందుకున్నవ్?”

చెప్పేశాను. చీర సంగతి, గురువారం సంగతి, రాబిగ్, ఆరుగురు మగవాళ్ళు, ఆమె విమానం, డ్రైవరు తాళాలు. అన్నీ ఒక్క గుక్కలో చెప్పేశాను. ఆమె మొదట చీర గురించి బాధపడింది. అయ్యో, నా చేతులతోని చేసిన్నా అంది. తర్వాత విమానం గురించి. చివరికి డ్రైవరు దగ్గరకు వచ్చేసరికి కోపం వచ్చింది, అది నా మీద.

“ఆయిన బిడ్డ ఫస్టు అచ్చిందని చెప్పిండు గదా నీకు? ఆయినతోని చాయ్ తాగి ఎట్ల ఊకున్నవ్?”

“చెప్తే నిన్ను పంపిస్తడే.”

“పంపిస్తే పోత. గని దొంగ లెక్క ఉండ.”

చీర మడిచి చంకలో పెట్టుకుని, నాకన్నా ముందు తనే మెట్లెక్కింది. ఆమెకు అరబ్బీలో ఒక్క ముక్క రాదు. ఉస్తాద్ తలుపు తీయగానే చీర ముందుకు చాచింది. నాకు వచ్చిన అరబ్బీ అంతా బయట పెట్టి చెప్పాను. గాలి మాఫీ, చీర, వడియాలు అంటే ఆయనకు అర్థం కాక, సన్నగా అప్పడంలాంటిది అని చేతులతో చూపించాను. డ్రైవరుది తప్పు లేదన్నాను. కిటికీ టేపు నాదేనన్నాను. చివరికి, దించుకున్న తల ఎత్తకుండా, మూడేళ్ళ కింద బాయిలర్ మాలూమ్ అన్నది కూడా అబద్ధమేనన్నాను. అది అడక్కుండానే బయటపడింది.

ఉస్తాద్ మొహం ఎర్రబడింది. తిట్టడానికి నోరు తెరిచి, ఎందుకో ఆగి, ఖమీస్‌లోని మిస్త్రీకి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, నన్నే చెప్పమన్నాడు. నేను హిందీలో చెప్పాను.

“ఆగ్ కో భీ సాఁస్ చాహియే, భాయ్” అన్నాడాయన. నిప్పుకూ ఊపిరి కావాలి. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు, గాలి లేకుండా ఆ మంట ఆగకుండా నడిచి ఉంటే విషవాయువు మీ గదిలోకే వచ్చేది, వాసన కూడా తెలియదు, పడుకున్నవాళ్ళు పడుకున్నట్టే పోయేవారు, అది ఆగింది కనకనే నువ్వు ఈ ఫోన్ మాట్లాడుతున్నావు అని. అల్లాకు శుకరియా చెప్పుకోమన్నాడు.

ఉస్తాద్ ఆ హిందీ ఎంత అర్థం చేసుకున్నాడో తెలియదు, నా మొహం చూసి అడిగాడు. చెప్పాను. ఆయన నా దగ్గరున్న నోటుబుక్కు తీసుకుని తెరిచి, నేను నెల రోజులుగా గీసిన గీతల మీద వేలు పెట్టి, పేజీ తర్వాత పేజీ తిప్పాడు. ఇన్నిసార్లు బతికారు మీరు అన్నాడు. ఆ తర్వాత చాలాసేపు నా భార్య వంక గాని నా వంక గాని చూడలేదు.

తీర్పు మాత్రం పంతులు తీర్పే. డ్రైవరును పిలిచి తాళాలు చేతికిచ్చాడు. నన్ను అతనికి క్షమాపణ చెప్పమన్నాడు, చెప్పాను. డ్రైవరు, “సంకలో బిడ్డను బెట్టుకొని ఊరంతా యెతికినావు గదన్నా” అని నవ్వి, భుజం మీద ఒక్కటి వేశాడు. అది కాస్త గట్టిగానే తగిలింది. అబద్ధానికి శిక్ష ఉండాలి, నువ్వు రాబిగ్ పోవాల్సిందే అన్నాడు ఉస్తాద్. ఆయన నా భార్య వైపు తిరిగి, ఆమె వీసా అయిపోయే రోజు ఏదని అడిగాడు. చెప్పాను. అయితే ఆమె విమానం ఎక్కిన మర్నాడు నువ్వు బస్సెక్కు, అంతకు ముందు కాదు అన్నాడు.

మెట్లు దిగుతూ ఆమెకు తెలుగులో చెప్పాను. రాబిగ్‌లో చలి ఉంటదా అని అడిగింది. ఉండదన్నాను. మనిద్దరికి అర్ర ఇస్తరా అంది. ఇయ్యరన్నాను. గది ముందు ఆగి, కొంగుతో మొహం తుడుచుకుంది.

“ఇంక నలభై ఒక్క దినాలున్నయ్” అంది.

నాకు తెలుసని ఆమెకు తెలియదు. నేనూ పొద్దున లేస్తూనే అదే లెక్క పెట్టుకుంటున్నాను.